గాటు పెట్టి చూపించిన పుచ్చకాయ



మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. "మామయ్యా, ఒక గేమ్ చూశాను. ఏడు వందల చిల్లర. చూడ్డానికి మీ కాలం నాటి గేమ్‌లా ఉంది. కొనొచ్చంటావా?" అన్నాడు. "మీ కాలం" అన్న చోట కాస్త గుచ్చుకుంది గానీ, అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్నే. బొమ్మలు చూస్తే ముప్ఫై ఏళ్ల కిందటివిలా గళ్లు గళ్లుగా ఉంటాయి. ధర చూస్తే ఇవాళ్టిది. పాతగా కనిపించే కొత్త సరుక్కి ఇంత ఎందుకు పెట్టాలి? వాడికి ఫోన్లో చెప్పిన జవాబు పొడిపొడిగా వచ్చింది. ఈ పూట మీ అందరి ముందూ కాస్త స్థిమితంగా చెబుతాను.

ఈ ఆటలు ఎరగని శ్రోతల కోసం ఒక్క మాట. కంప్యూటర్ తెర మీద మీ చేతిలో తుపాకీ మాత్రమే కనిపిస్తుంది. మీరు కనిపించరు. తెరే మీ కళ్లు. ఎదురుగా రాక్షసులో, సైనికులో వస్తారు. తప్పించుకుంటూ కాల్చుకుంటూ పోవాలి. ఎర్ర తాళంచెవి వెతకాలి, ఎర్ర తలుపు తియ్యాలి, బయటపడాలి. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని హనుమంతుణ్ని అంటాం కదా, ఈ ఆటల్లో కథంతా అదే. వీటినే షూటర్లంటారు. 1990లలోని షూటర్ల తీరును కావాలని పట్టుకుని ఇప్పుడు తయారుచేసేవాటికి "బూమర్ షూటర్", అంటే ముసలివాళ్ల షూటర్ అని, వేళాకోళంగా పేరు పెట్టారు. మనకు బూమర్ అంటే నోట్లో ఊదే బబుల్‌గమ్మే గుర్తొస్తుంది. ఆ గమ్ నమిలిన వయసు వాళ్లే ఈ ఆటలు ఆడారు కాబట్టి, పేరు పొరపాటున మనకే బాగా కుదిరింది.

వీటన్నిటికీ మూలపురుషుడు డూమ్. టెక్సాస్‌లోని ఐడి సాఫ్ట్‌వేర్ అనే చిన్న బృందం 1993 డిసెంబర్ 10న దాన్ని విడుదల చేసింది. విడుదలంటే దుకాణంలో పెట్టెలు పేర్చడం కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్లోకి ఎక్కించారు. ఎక్కించబోతే అక్కడ ముందే కాచుకు కూర్చున్న జనం వల్ల వీళ్లకే చోటు దొరకలేదట. అంత ఎగబడటానికి కారణం ఉంది. ఆటలో మూడు భాగాలుంటే మొదటి భాగం, తొమ్మిది లెవెళ్లు, పూర్తిగా ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు. నచ్చితే 40 డాలర్లు పంపండి, మిగతా రెండు భాగాలు పోస్టులో వస్తాయి. దీన్ని షేర్‌వేర్ అనేవారు.

మన దగ్గర పుచ్చకాయల బండివాడు చేసేది ఇదే. కాయను తట్టి, "తీపి" అని ఒట్టేసి ఊరుకోడు. కత్తితో మూలగా గాటు పెట్టి, ఆ ముక్కను కత్తి మొనకు గుచ్చి బయటకు తీస్తాడు. ఎర్రగా ఉంటే మీరు కొంటారు. తెల్లగా ఉంటే ఇంకో కాయ. ఐడి వాళ్లు కాయలో మూడో వంతు కోసి చేతిలో పెట్టారు.

నేను డూమ్ చూసింది హైదరాబాద్‌లో, మా స్నేహితుడి అన్నయ్య కంప్యూటర్‌లో. వాళ్లింట్లో అది ముందుగది మూల ఉండేది. పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉండేది. ఆడాలంటే ముందు ఆ గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టాలి. అదొక క్రతువు. పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉన్నది ఆ మొదటి భాగమే. ఆ తొమ్మిది లెవెళ్లే మొత్తం ఆట అని మేము రెండేళ్లు నమ్మాం. చివర్లో "మిగతాది కొనండి" అని వస్తే, అది కథలో భాగమనుకున్నాం. నలభై డాలర్లు పంపించే మార్గం మాకెక్కడిది! అయినా మోసపోయామని ఒక్కరోజూ అనిపించలేదు. ఉచితంగా ఇచ్చిన ముక్కే అంత నిండుగా ఉంది.

ఇక్కడే నా అసలు వాదన. పాత తరహా అంటే గళ్ల బొమ్మలు కాదు. ముందు చూపించి, తర్వాత డబ్బులడిగే తరహా. ఆటకు ధర తగునా లేదా అన్నది నిరూపించాల్సిన పూచీ అప్పట్లో అమ్మేవాడిది. ఇప్పుడది మెల్లగా కొనేవాడి నెత్తికెక్కింది. ట్రైలర్ చూసి, రేటింగ్ చూసి, మనమే ఊహించుకోవాలి. పాత వేషం వేసుకున్న ఆట పాత మర్యాద కూడా పాటిస్తోందా అన్నది నేను చూసే మొదటి సంగతి. డెమో, అంటే కొనకముందే ఉచితంగా ఆడి చూసే ముక్క, ఉందా? ఉంటే సగం నమ్మకం వచ్చేసినట్టే. తన మొదటి లెవెల్ మీద తనకు ధైర్యం ఉన్నవాడే డెమో ఇస్తాడు.

డెమో లేకపోతే? స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒక వెసులుబాటు ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు మించకుండా ఉంటే, డబ్బు వెనక్కి అడగొచ్చు. చాలామంది దీన్ని ఏదో తప్పుచేసినట్టు మొహమాటపడుతూ వాడతారు. మొహమాటం అక్కర్లేదు. మన చేత్తో మనమే పెట్టుకునే గాటు అది. కాకపోతే గడియారం మీద ఓ కన్నుండాలి. ఆట తెరిచి పెట్టి భోజనానికి వెళితే ఆ అరగంటా లెక్కలోకి వస్తుంది. ఈ ముక్క అనుభవం మీద చెబుతున్నాను.

సరే, ఆ రెండు గంటల్లో ఏం చూడాలి?

తుపాకీ సంగతి తర్వాత. ముందు నడక చూడండి. శత్రువులు లేని చోట, ఊరికే అటూ ఇటూ పరుగెత్తండి. డూమ్‌లో ముందుకు పరుగెడుతూనే పక్కకు జరగొచ్చు. ఇంప్ అనే గోధుమరంగు రాక్షసుడు నిప్పుముద్ద విసిరితే అది గాలిలో వస్తూ కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకేస్తే చెవి పక్కనుంచి పోతుంది. ఆ అడుగులో ఉంది ఆనందమంతా. ఇవాళ్టి చాలా షూటర్లలో తూటా తగిలాకే తెలుస్తుంది. గోడచాటున కూర్చోవాలి, గాయం మానేదాకా ఆగాలి. పాత తరహా ఆటలో గోడచాటు లేదు, కాళ్లే కవచం. కొత్తగా చేసిన ఆట ఈ ఒక్కటి పట్టుకోలేకపోతే, బొమ్మల్ని ఎంత గళ్లుగా చేసినా అది వేషమే.

తర్వాత తుపాకీ. డూమ్‌లోని షాట్‌గన్ పిల్లల బొమ్మ తుపాకీని ఫొటో తీసి చేసింది. రాక్షసుల్లో కొందరిని మట్టి బొమ్మలుగా చేసి, చుట్టూ తిప్పి ఎనిమిది కోణాల్లో బొమ్మ పట్టారు. పేదరికపు పనిముట్లే. కానీ ఆ షాట్‌గన్ పేలాక ఒక క్షణం ఆగి, చేయి వెనక్కి లాగి, "చక్ చక్" మని మళ్లీ సిద్ధమయ్యే ఆ లయ వల్ల అది బరువుగా ఉందని చేతికి అనిపిస్తుంది. మంచి ఆటలో తుపాకీని కళ్లు మూసుకుని వినండి. ప్రతి ఆయుధానికీ దాని గొంతు దానికి ఉండాలి. పది ఆయుధాలిచ్చి, అన్నీ ఒకేలా దగ్గుతుంటే, వాటిలో ఎనిమిది ధర పెంచడానికి పెట్టినవి.

మూడోది లెవెల్. నా దృష్టిలో డబ్బు నిజంగా పెట్టేది దీనికే. డూమ్ మొదటి లెవెల్ గుర్తు తెచ్చుకుందాం. మొదలుపెట్టగానే ఎడమవైపు గదిలో మెట్లు, పైన పచ్చ కవచం. సరే, తీసుకున్నాం. కిటికీలోంచి బయటికి చూస్తే ఆరుబయట విషపు మడుగు, మధ్యలో నీలం కవచం. పచ్చదానికంటే మంచిది. కళ్లకు కనిపిస్తోంది. వెళ్లే దారి మాత్రం కనిపించదు. లెవెల్లో చాలా దూరం పోయాక, ఒక చాటుదారి పట్టుకుంటే అక్కడికి తేలతాం. మొదటి అర నిమిషంలోనే ఆట మనకు ఒక ఆశ చూపించి, అడక్కుండానే నేర్పేసింది: ఇక్కడ చూసేవి ఉన్నాయి, వెతుకు. దారి చూపే బాణం గుర్తు ఒక్కటి లేదు. ఈ రకం కిటికీ ఒక్కటైనా మొదటి రెండు గంటల్లో మీకు తారసపడకపోతే, ఆట ఉన్నంతసేపూ నడవాలూ, గదుల వరసలే.

ఈ మూడు కొలతలతో నాకు బాగా తెలిసిన ఆటలు చూద్దాం.

డస్క్. ఇది కూడా డిసెంబర్ 10నే వచ్చింది, 2018లో. డూమ్‌కు సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజు. డేవిడ్ షిమాన్‌స్కీ అనే ఆయన దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. సంగీతం ఆండ్రూ హల్షుల్ట్‌ది. అప్పటి ధర 20 డాలర్లు. బొమ్మలు 1996 నాటి క్వేక్ అనే ఆట కంటే మొరటుగా ఉంటాయి. మనుషుల మొహాలు అట్టముక్కలు అతికించినట్టుంటాయి. మొదలుపెట్టగానే ఒక నేలమాళిగ. మీ చేతుల్లో రెండు కొడవళ్లు. రంపపు మిషన్లు పట్టుకుని ముగ్గురు మీదికొస్తారు. మాటల్లేవు, పాఠాల్లేవు. ఆ ముగ్గురి నుంచి తప్పించుకుంటుంటేనే నడక నేర్చేసుకుంటాం. మొదటి భాగం పొలాలు, పాకలు. రెండోదానికి వచ్చేసరికి ఎషర్ ల్యాబ్స్ అని ఒక లెవెల్ ఉంది. అక్కడ గోడ నేలవుతుంది, నేల కప్పవుతుంది. తోచినట్టల్లా కాల్చుకుంటూ వచ్చినవాడు ఇక్కడ తలెత్తి, "నేనెక్కడున్నాను" అనుకుంటాడు. తొలిసారి ఆడితే ఏడెనిమిది గంటలు పడుతుంది. ఇంకో చిలిపి పని కూడా చేశాడు. అక్కడక్కడా ఒక సబ్బు బిళ్ల దాచిపెట్టాడు. మామూలు సబ్బు. విసిరితే ఎంతటి శత్రువైనా ఒక్క దెబ్బకు పోతాడు. ఎందుకంటే ఎందుకో లేదు. తయారుచేసినవాడు నవ్వుకుంటూ చేశాడని మనకు తెలుస్తుంది, అంతే. ఈ ఆట పూర్తి ధరకు కొనొచ్చు. నేను వెనకాడను.

అయాన్ ఫ్యూరీ, 2019 ఆగస్టు. ఇది పాత వేషం కాదు, పాత ఒళ్లే. 1996లో డ్యూక్ న్యూకెమ్ త్రీడీ అనే ఆటను నడిపిన బిల్డ్ ఇంజిన్ అనే ప్రోగ్రామ్ మీదే దీన్ని కట్టారు. కెన్ సిల్వర్‌మన్ అనే కుర్రాడు ఇంకా ఇరవయ్యేళ్లు సరిగా నిండకముందే రాసిన ఇంజిన్ అది. ఆట పేరు మొదట అయాన్ మెయిడెన్. ఇంగ్లాండ్ సంగీత బృందం ఐరన్ మెయిడెన్ వాళ్లు కోర్టుకెక్కితే మార్చుకున్నారు. విడుదల ధర 25 డాలర్లు. ఇందులో వీధులు, కార్యాలయాలు, మరుగుదొడ్లతో సహా, చేతితో అల్లిన బుట్టల్లా ఉంటాయి. ఏ గోడ నొక్కినా ఏదో ఒకటి తెరుచుకుంటుంది. బౌలింగ్ బాంబు అని ఒకటుంది, దొర్లిస్తే శత్రువు కాళ్ల వైపు తానే మలుపు తిరుగుతుంది. అది వాడటం కోసమే ఇంకో పది నిమిషాలు ఆడాను. కానీ కాళ్ల దగ్గర పాకే చిన్నచిన్న యంత్రాలు ప్రాణం తీస్తాయి, లెవెళ్లు మరీ పొడుగు. నాలాగా ఆఫీసు అయ్యాక గంటసేపు ఆడేవాడికి, నిన్న ఏ తలుపు దగ్గర ఆపానో గుర్తుండదు. డ్యూక్ న్యూకెమ్ ఆడి పెరిగినవాళ్లు ఇప్పుడే కొనండి. తక్కినవాళ్లు డిస్కౌంట్ వచ్చేదాకా ఆగినా నష్టం లేదు.

మూడోది వార్‌హ్యామర్ బోల్ట్‌గన్, 2023 మే. విడుదల ధర సుమారు 22 డాలర్లు. దీని బలమంతా బరువు. ఇనుప కవచం తొడుక్కుని అడుగేస్తే నేల అదిరినట్టుంటుంది. తుపాకీ పేలుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ గోల తగ్గిస్తారా" అంది. తుపాకీ పరీక్షలో నూటికి నూరు. లెవెల్ పరీక్షలో మాత్రం అత్తెసరు. ఒకే రంగు గోడలు, ఒకే పోలిక గదులు. తాళంచెవి దొరికాక తలుపెక్కడో మళ్లీ వెతుక్కోవాలి. నేను చెప్పిన కిటికీ అందులో నాకు కనపడలేదు. సగం ధరకైతే సరే.

ప్రోడియస్ అనే ఇంకో ఆట గురించి ఒక ముక్క. దాన్లో శత్రువులను పాతకాలపు చదునైన బొమ్మలుగానో, ఇప్పటి త్రీడీ బొమ్మలుగానో, మీటతో మార్చుకోవచ్చు. అలా మార్చి చూసినప్పుడే నాకు అర్థమైంది. చదును బొమ్మలో దూరంగా ఉన్నది ఎవరో చిటికెలో తెలుస్తుంది. ఆ పాత బొమ్మలు పేదవి కావచ్చు గానీ, స్పష్టమైనవి. కొన్ని కొత్త ఆటలు గళ్లు పెడతాయి, వాటి మీద పొగ, మెరుపులు, మంటలు కుమ్మరిస్తాయి. చివరికి కొట్టిందెవరో తెలియకుండా చస్తాం.

ఇక గంటల లెక్క. "ఏడు వందలు పెడితే ఏడు గంటలేనా, గంటకు వంద పడింది" అని మా మేనల్లుడు భాగహారం చేశాడు. వాడి తరం వాడికి నేర్పిన లెక్క. వంద గంటల ఆటలు ఉన్నాయి, నేనూ ఆడాను. అందులో డెబ్బై గంటలు గుర్రం మీద అటునుంచి ఇటు పోవడమే. పెళ్లి భోజనాన్ని కిలోల్లో తూచం కదా. నేను అడిగే ప్రశ్న వేరు: అయిపోయిన తర్వాత మళ్లీ మొదటి లెవెల్ తెరిచారా? డస్క్ నేను మూడుసార్లు ఆడాను. బోల్ట్‌గన్ ఒకసారి, అదీ ఆఖరి లెవెల్లో ఆవలిస్తూ.

ధరకు ఇంకో పోటీ కూడా ఉంది, దాన్ని మరచిపోకూడదు. అది ఉచితం. డూమ్ ప్రోగ్రామ్ మూలాన్ని ఐడి వాళ్లు 1997లోనే బయటపెట్టారు. అంతకుముందు నుంచే అభిమానులు కొత్త లెవెళ్లు చేస్తూ ఉన్నారు, ఇవాళ్టికీ చేస్తూనే ఉన్నారు. 2023లో మైహౌస్ అని ఒకటి వచ్చింది. మొదట చూస్తే ఎవరో తన ఇల్లు కట్టి చూపించినట్టుంటుంది. తలుపు తీసుకుని మళ్లీ లోపలికొస్తే ఇల్లు మారి ఉంటుంది. అంత తెలివైనది డబ్బుపెట్టి కొన్న ఆటల్లో అరుదు. దానికి డూమ్ తర్వాతి ఆట డూమ్ టూ ఫైలు కావాలి. డూమ్, డూమ్ టూ రెండూ కలిపి 2024 ఆగస్టులో కొత్తగా సర్ది మళ్లీ విడుదల చేశారు. కాబట్టి పాత తరహా అని చెప్పుకునే ప్రతి కొత్త ఆటా, అసలు పాత ఆటతోనూ, దాని మీద పాతికేళ్లకు పైగా ఉచితంగా పోగుపడుతున్న పనితోనూ పోటీపడాలి. ఏడు వందలు అడిగేవాడు ఆ రెండూ ఇవ్వనిది ఏదో ఒకటి ఇవ్వాలి. సబ్బు బిళ్లైనా సరే.

నేను దెబ్బతిన్న సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్ల కింద ఒక ఆట "ఎర్లీ యాక్సెస్"లో కొన్నాను. అంటే ఇంకా పూర్తి కాలేదు, ఇప్పుడు కొంటే తక్కువకే ఇస్తాం, మిగతాది తర్వాత అందులోనే వచ్చి చేరుతుందని. మొదటి భాగం అద్భుతం. రెండోది వచ్చింది. మూడోది "త్వరలో". ఆ త్వరలో ఇంకా త్వరలోనే ఉంది. పేరు చెప్పను, కుర్రాళ్లెవరో కష్టపడ్డారు. కానీ గుర్తుపెట్టుకోండి, ఇవాళ ఉన్నదానికే వెల కట్టండి. రేపు వస్తుందన్నదాన్ని సున్నా కింద వేసుకోండి. డస్క్ కూడా ముందు అలాగే అమ్మారు, మాట నిలబెట్టుకున్నారు. అందరూ నిలబెట్టుకోరు.

పర్సు తీసేముందు ఇంకో రెండు సంగతులు. బొమ్మలు పాతగా ఉన్నాయని మీ పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందనుకోవద్దు. కింద రాసిన కనీస అవసరాలు చదవండి, ఇంజిన్ కొత్తది కావచ్చు. ఈ వేగానికి కొందరికి కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. సెట్టింగుల్లో చూపు వెడల్పు పెంచి, నడుస్తుంటే తెర ఊగడం ఆపేస్తే చాలామందికి సర్దుకుంటుంది. ఆ రెండు మీటలూ ఇవ్వని ఆట అయితే డబ్బు వెనక్కి అడగండి. ఇళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లకు మాత్రం: వీటిలో రక్తం ధారాళం. బొమ్మ గళ్లుగా ఉన్నంత మాత్రాన అది పిల్లల ఆట కాదు. మా మేనల్లుడికి పందొమ్మిది, వాడి సంగతి వేరు.

వాడు అడిగిన ఆటకు డెమో ఉందని తేలింది. ఆడమన్నాను. నలభై నిమిషాలు ఆడి, "మామయ్యా, కిటికీ లేదు" అని మెసేజ్ పెట్టాడు. కొనలేదు. ఆ డబ్బుతో డస్క్ కొన్నాడు. మొదటి భాగం అయిందట, రెండోది నడుస్తోంది. సబ్బు ఇంకా దొరకలేదట. ఎక్కడుందో నేను చెప్పలేదు.